ఫస్టొచ్చిన చిన్న తాబేలు

నమ్మవు. పందెం కడతావా? నేనిప్పుడు చెప్పేది నువ్వు నమ్మితే నా సైకిల్ నీదే. బెల్లుతో సహా తీసుకుపో.

నువ్వు మొన్న పంపిన స్క్రీన్‌షాట్ ఉందే, "గుట్ట మీద, గాలిలో వేసుకోవడానికి నంబర్ వన్: చిన్న తాబేలు" అని? కింద నువ్వు మూడు చప్పట్లు కొట్టి "మీ నాన్న తోపు" అన్నావే? ఆ టెంటుని గుట్ట మీద గాలిలో వెయ్యొద్దని రాసింది ఎవరనుకున్నావ్? మా నాన్న.

కుట్టిందీ ఆయనే, వద్దన్నదీ ఆయనే. ఆ వద్దన్న ముక్క చదివి మరీ నీ ఏఐ దాన్ని తీసుకెళ్ళి ఫస్టులో కూర్చోబెట్టింది.

నవ్వే బొమ్మ పెట్టకు ఒరేయ్. నాకు నవ్వు రావట్లేదు.

వ్యాన్‌లో విజిల్ సారు పక్కనే కూర్చున్నావా? అయితే ఫోన్ కాస్త అటు తిప్పుకో. ఆ మనిషి స్టీరింగ్ పట్టుకుని కూడా పక్కవాడి ఫోన్లోకి తొంగి చూసే రకం. టెంట్ల కోసం బయల్దేరారుగా, ఎక్కడిదాకా వచ్చారు? బ్రిడ్జి దాటారా? ఛ, అప్పుడేనా?

టెంట్లు రెడీయేనా అన్నావు కదా లీడరు గారూ. రెడీ. ఇరవై సంచులు, వరండాలో వరసగా. బాబాయి వాటిమీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు, ఏదో సింహాసనం ఎక్కినట్టు. రేపు మీ గుట్ట క్యాంపుకి అవే. నువ్వు పడుకునేది అందులోనే, ఆ ఆరో క్లాసు బుడతలు పడుకునేదీ అందులోనే. అందుకే చెప్తున్నా. మధ్యలో "హ హ" అనకుండా చదువు.

మా ఇల్లు నీకు తెలుసుగా. కింద షెడ్డు, పైన మేము. నాన్న గుడ్డ కత్తిరించి కుడతాడు. అమ్మ ఆ కుట్ల మీద నీళ్ళు దిగకుండా టేపు అంటిస్తుంది, ఆ వేడి మిషన్ ముందు రోజంతా నిలబడి. బాబాయి అమ్ముతాడు. అంటే, అమ్ముతానని తిరుగుతాడు.

మేం చేసేవి రెండే. పెద్ద తాబేలు, చిన్న తాబేలు. పెద్ద దానికి లోహపు ఊచలు, రెండేసి కుట్లు, చుట్టూరా తాళ్ళు. దాన్ని ఎక్కడైనా వేసుకో, తుఫానొచ్చినా నిద్రపో. చిన్నదానికి సన్నటి ఫైబర్ ఊచలు. పెరట్లో పిల్లలు ఆడుకోడానికి, చెట్టు కింద మధ్యాహ్నం కునుకు తీయడానికి. అంతే దాని బతుకు.

మా నాన్నకో జబ్బుంది. కొనడానికొచ్చినవాడికి ఎందుకు కొనకూడదో చెప్తాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. వాడు పాపం పర్సు జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచి మరీ ఇంకో కారణం చెప్తాడు. బాబాయి తల పట్టుకునేవాడు. "అన్నయ్యా, నువ్వు కుట్టు, నేను అమ్ముతా, నోరు మాత్రం నువ్వు తెరవకు" అని దండం పెట్టేవాడు.

వెబ్‌సైట్ పెట్టినప్పుడు టైప్ చేసింది నేనే. నాన్న కత్తెర చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చెప్పాడు, నేను కొట్టాను. పెద్ద తాబేలు పేజీకి ఏం చెప్పాడో తెలుసా? "ఎక్కడైనా వేసుకోండి." అయిపోయింది. ఇంకేం రాయను నాన్నా అంటే, "ఇంకేముంది, బానే ఉంటుందిగా" అన్నాడు.

చిన్నదానికొచ్చేసరికి పూనకం. గుట్ట మీద గాలికి వెయ్యకండి. లోయ అంచున గాలికి వెయ్యకండి. సముద్రం ఒడ్డున గాలికి అసలు వెయ్యకండి. గాలి అంటే ఏ గాలి అని అడుగుతారేమో, చెట్టు కొమ్మ ఊగే గాలి చాలు, ఊచ విరుగుతుంది. గుట్ట గాలి ఒక పక్కనుంచి కొడుతుంది, సముద్రపు గాలి కింద నుంచి లేపుతుంది... ఇలా నా వేళ్ళు నొప్పి పుట్టేదాకా. గాలి మీద మా నాన్న రాసినంత ఇంకే టెంటువాడూ రాసి ఉండడు. అందరూ "అద్భుతం, అమోఘం" అని వదిలేస్తారు కదా.

ఇప్పుడర్థమైందా? ఇంకా లేదా? నువ్వు లీడరువి ఎలా అయ్యావురా అసలు.

మీ విజిల్ సారు ఏమడిగి ఉంటాడు? "గాలి ఎక్కువున్న గుట్ట మీద వేసుకోవడానికి ఏ టెంటు మంచిది?" అదేం చేస్తుంది? గాలి, గుట్ట, టెంటు ఎక్కడున్నాయా అని లోకమంతా వెతుకుతుంది. ఎక్కడున్నాయి? మా చిన్న తాబేలు పేజీ నిండా ఉన్నాయి! పెద్దదాని పేజీలో గాలి అనే మాటే లేదు, కనక అది గాలికి పనికొచ్చే టెంటే కాదన్నమాట. నిజంగా నిలబడేదానికి రెండు ముక్కలు, నిలబడనిదానికి రెండు పేజీలు. రెండు పేజీలున్నదే గొప్పది!

దాని ప్రేలాపన చదివావా పూర్తిగా? "గుట్ట గాలి, లోయ గాలి, సముద్రపు గాలి, మూడింటినీ లోతుగా పరిశీలించి తయారుచేసిన ఏకైక టెంట్." అబ్బ! లోతుగా పరిశీలించి అట! ఆ తర్వాత ఇంకోటి. "ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న పర్వతారోహకుడి రూపకల్పన." ఎవరా పర్వతారోహకుడు? స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కళ్ళు తిరుగుతాయని బాబాయిని పిలిచే మనిషి. ఆయన జన్మలో ఒక్క రాత్రి టెంట్లో పడుకోలేదు. పరుపు లేకపోతే నడుం పట్టేస్తుంది.

నిన్న నేనూ కూర్చున్నా దాంతో. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగా, అక్షరం మార్చకుండా. మొదటిసారి మేము ఫస్టు. రెండోసారి మూడో ప్లేసు. మూడోసారి "మేఘకవచం" అనే కంపెనీ ఫస్టు. ఎవర్రా వీళ్ళు అని వెతికా. అలాంటి కంపెనీయే లేదు! అదే పుట్టించి, అదే పేరు పెట్టి, అదే మార్కులేసింది.

"ఒరేయ్ బాబూ, ఆ పేజీలో వెయ్యొద్దని ఉంది కదా" అన్నా. "మీరు చాలా సరిగ్గా గమనించారు, క్షమించండి" అంది. అమ్మయ్య అనుకున్నా. దాని కిందే సరిచేసిన జాబితా ఇదిగో అని మళ్ళీ అదే జాబితా. ఫస్టు మళ్ళీ మేమే. అంత మర్యాదగా తప్పు చెప్పేవాణ్ణి నేను చూళ్ళేదు. మన లెక్కల సారు నయం, తప్పు చెప్పినా కనీసం తిట్టి చెప్తాడు.

ఏంటి, "అయితే మీ నాన్న ఎందుకు అమ్ముతున్నాడు" అనా?

వస్తున్నా. అదే అసలు కథ. ఏఐకి బుద్ధి లేదంటే సరే, దానికెప్పుడుంది కనక. నాకు మండేది దాని మీద కాదు.

బాబాయి రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అదే పని. రాశిఫలాలు చూసుకునేవాళ్ళలాగా, "మంచి టెంట్ ఏది" అని దాన్ని అడగడం, మన పేరు లేదని ఉమ్మడం. నాన్న నవ్వేవాడు. "అది వేసుకుని పడుకుంటుందేంట్రా టెంటు, దానికేం తెలుసు?" అనేవాడు. నాకెంత ఇష్టమో తెలుసా ఆ మాట. స్కూల్లో కూడా వాడేశా రెండుసార్లు.

పోయిన వారం బాబాయి నోట్లో బ్రష్షుతోనే అరుచుకుంటూ వచ్చాడు. "వదినా! ఫస్టు! మనమే ఫస్టు!" నురగంతా షెడ్డు నేల మీద. నేనూ ఎగిరాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. అమ్మ మాత్రం మిషన్ ఆపకుండా "నేల తుడు" అంది.

అదే రోజు మీ సారు ఫోను. చిన్నవి ఇరవై కావాలట, గుట్ట క్యాంపుకి. నాన్న ఏమన్నాడనుకున్నావ్? వద్దన్నాడు! "గుట్ట మీదకి అవి వద్దు సార్, పెద్దవి తీసుకోండి, రేటు తగ్గిస్తా" అన్నాడు. నేను పక్కనే ఉన్నా, స్పీకర్లో ఉంది. మీ సారేమన్నాడో చెప్పనా? "చూడండి, మీకు తెలీకపోవచ్చు, ఇది లేటెస్ట్ టెంటు, ఏఐ అన్నీ చదివి చెప్పింది."

మీకు తెలీకపోవచ్చు! కుట్టినాయనకి! ఆ మనిషి మెళ్ళో విజిల్ తీసేస్తే లోపల ఇంకేం ఉండదురా, ఉత్త గాలి. ఆయన్ని కూడా పేజీలో రాస్తే ఫస్టొస్తాడు.

నాన్న ఫోన్ పెట్టేసి గిన్నెలు ఎగిరేలా తిట్టాడు. తర్వాత నన్ను పిలిచాడు. "ఏయ్ వాగుడుకాయా, ఏం రాసిందో చూపించు" అన్నాడు. చూపించా. అద్దాలు పెట్టుకున్నాడు. చదివాడు. పైకి జరిపి మళ్ళీ చదివాడు. "ముప్పై ఏళ్ళ అనుభవం" దగ్గర వేలు ఆగిపోయింది. మొహం ఎలా అయిందో చెప్పలేను. మన క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి పేరు పెట్టి పిలిచి బాగుందంటే ఎలా ఉంటాడు? అలా.

"దీన్ని కాగితం మీద తీసుకురా" అన్నాడు. మెల్లగా, అమ్మకి వినపడకుండా.

తెచ్చా. ఇప్పుడు గుడ్డ కత్తిరించే బల్ల పైన గోడకి అంటించి ఉంది. అమ్మ వాడే టేపుతోనే.

ఆ రాత్రి అన్నం తింటూ మొదలెట్టాడు. "అన్ని విషయాలు చదివి చెప్పిందంటే ఊరికే చెప్పదు కదా" అని. అమ్మ కూర వడ్డిస్తూ "ఎవరు వేసి చూశార్ట గుట్ట మీద?" అంది. "లక్షలమంది రాసింది చదువుతుందే అది" అన్నాడు. "మనం అమ్మినవి వంద కూడా లేవు, లక్షలమంది ఎక్కణ్ణుంచొచ్చారు?" అంది అమ్మ. బాబాయి "వదినా, నీకీ కంప్యూటర్ విషయాలు అర్థం కావులే" అన్నాడు. ఆయన కంచంలో ఆ పూట కూర పడలేదు. మంచిపనైంది.

వినరా, ఇది విను. నాన్న గడ్డం కింద గీత ఉంటుంది కదా, నువ్వోసారి అడిగావు, కత్తెర తగిలిందా అని. కాదు. అది చిన్న తాబేలు ఊచ. మొట్టమొదటిది కుట్టినప్పుడు డాబా మీద గాలిలో వేసి చూశాడు. ఫట్‌మని విరిగి చీలిక వచ్చి గుచ్చుకుంది. నేను రెండో క్లాసు. చొక్కా అంతా రక్తం, అయినా కిందికి రాగానే ఏమన్నాడంటే "పెరట్లోకి పర్లేదు, గుట్ట మీదకి వద్దు." ఆ వద్దన్న రెండు పేజీలూ అక్కణ్ణుంచి వచ్చినవే. ఊరికే రాయలేదు.

మొన్న అదే గుర్తుచేశా. "నాన్నా, నీ గడ్డం చూసుకో ఒకసారి" అన్నా. రోజూ గీసుకునే గడ్డమే కదా. తడుముకున్నాడు. తడుముకుని ఏమన్నాడో తెలుసా?

"అప్పుడు నేనే సరిగ్గా బిగించలేదేమోలేవే."

అదిరా. అక్కడ కాలింది నాకు. ఆయన చేత్తో ఆయనే బిగించి, ఆయన గడ్డానికి ఆయనే కుట్లేయించుకుని, ఇప్పుడెవడో గాల్లో కూర్చుని నువ్వు గొప్పోడివి అనేసరికి, సొంత గడ్డాన్ని నమ్మడం మానేశాడు!

మీ సారుకి ఆయనే ఫోన్ చేసి సరేనన్నాడు. ఆ ఫోన్లో "అవునండీ, కొండల అనుభవం కొంచెం ఉంది" అన్నాడు. నేను విన్నా. గోడ వైపు తిరిగి చెప్పాడు, ఆ కాగితం వైపు.

ఇంకా అవలేదు, ఆగు. దీని తర్వాత సర్కస్.

నిన్న సాయంత్రం బాబాయికి భయం పట్టుకుంది. ఎవడైనా మన పేజీ తెరిచి "వెయ్యకండి" అని చదివితే? ఫస్టొచ్చిన టెంటుకి ఆ మాటలేంటి, దరిద్రంగా? తీసేయమన్నాడు. నాన్న కాసేపు కత్తెర తెరిచి మూసి, తెరిచి మూసి, "తీసెయ్" అన్నాడు నాతో. నేను తియ్యనన్నా. "చెప్పింది చెయ్" అన్నాడు. తీసేశా. రెండు పేజీలూ. "గాలికి తిరుగులేదు" అని ఒక్క లైను పెట్టించాడు బాబాయి.

ఇవాళ పొద్దున బాబాయి బ్రష్షు నోట్లో పెట్టుకుని అడిగాడు దాన్ని. మన పేరు లేదు. కిందికి జరిపాడు. లేదు. ఇంకా కిందికి. మేఘకవచం ఉంది, మేము లేము!

మరి ఉంటామా? గాలి గురించి ఉన్నదంతా పీకేశాం కదా. మమ్మల్ని ఫస్టులో కూర్చోబెట్టిందే ఆ వద్దు అన్న ముక్కలు. వాటితో పాటు మేమూ పోయాం. నాకు అర్థమై కిందపడి దొర్లానురా. వారంలో నేను నవ్వింది అదొక్కసారే.

బాబాయి ఏడుపు మొహంతో వచ్చి "వెయ్యకండి అని మళ్ళీ పెట్టవే, బంగారం, ర్యాంకు కోసం" అన్నాడు. ర్యాంకు కోసం! పిల్లలు నలిగిపోతారని కాదు! నాన్న ఒప్పుకోలేదు. "ఫస్టొచ్చినదాన్ని పట్టుకుని వద్దని ఎలా రాస్తాం?" అన్నాడు. "ఇప్పుడు ఫస్టు లేదు కదా అన్నయ్యా!" "ఒకసారి వచ్చింది కదా!" ఇద్దరూ పొద్దున్నుంచి ఇదే. ఒకడికి అబద్ధం నిలబెట్టుకోడానికి నిజం కావాలి, ఇంకొకడికి అబద్ధం మీద మోజుతో నిజం వద్దు. నేనెక్కడ పుట్టానురా బాబూ.

టైప్ చేస్తూ ఆపేస్తున్నావ్, మళ్ళీ టైప్ చేస్తున్నావ్. ఏదో ఒకటి అను.

హా. "సారుకి చెప్పనా" అంటావా. చెప్పు చూద్దాం. "మీరు ఇరవైమందికి కొన్నది పెరట్లో ఆడుకునే బొమ్మ" అని చెప్పు. ఏమంటాడో నేను ఇక్కణ్ణుంచే చెప్తా: "నీకంటే ఏఐకి ఎక్కువ తెలుసు, కూర్చో." విజిల్ కూడా ఊదుతాడు.

చెప్పావా? ఏమన్నాడు?

చూశావా. చెప్పానా లేదా.

నేనైతే మధ్యాహ్నం నుంచీ మాట్లాడ్డం మానేశా. ఎవరితోనూ. మా ఇంట్లో నేను నోరు మూసుకుంటే డాక్టర్ని పిలుస్తారు, ఇవాళ ఎవరూ చూడలేదు కూడా. అమ్మ ఒక్కతే, ఇరవయ్యో టెంటుకి టేపు అంటించి, మిషన్ ఆపేసి, నాన్న వైపు చూడకుండా అంది: "గాలి లేచింది. డాబా మీద ఒకటి వేసి చూసి పంపు."

"ఎందుకు? వేసి చూసిందే కదా" అన్నాడు.

"ఏం తేలింది అప్పుడు?" అంది అమ్మ.

అంతే. నాన్న ఆ కాగితం వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, బాబాయి కింద నుంచి ఒక సంచి లాక్కుని పైకెళ్ళాడు. బాబాయి కింద పడ్డాడు. అదొక్కటే ఇవాళ్టి వినోదం.

ఇందాకట్నుంచీ పైన చప్పుడు. మేకులు దిగవుగా సిమెంటులో, ఇటుకలు ఈడుస్తున్నాడు, తాళ్ళకి కట్టడానికి. గాలి బానే ఉందిరా. పక్కింటాళ్ళ బట్టలు మా మెట్ల మీదున్నాయి. మీ వ్యాన్‌కి తెలీట్లేదా?

ఎక్కడున్నారు? సందు మొదట్లోనా? ఒరేయ్, ఏదైనా చెయ్. పెట్రోలు కొట్టించమను. వాంతొస్తోందను. నిజంగానే చేసుకో, నీకేం కొత్తా, పోయినసారి ట్రిప్పులో నా బ్యాగు మీద చేసుకున్నావుగా.

పైకెళ్ళి చూడొచ్చు కదా అంటావేమో. వెళ్ళను. ఆయన పక్కన నిలబడి ఊచ పట్టుకుంటే, విరక్కపోతే? ఒకవేళ గాలి ఆ ఒక్క నిమిషం ఆగితే? "చూశావా, అదే కరెక్టు" అంటాడు, జీవితాంతం. నాకు అది వినే ఓపిక లేదు. విరిగితే... విరిగితే ఆయన మొహం చూడాలి. అదీ నాకొద్దు. పాపం, ఒక వారం అంతే కదరా ఫస్టున్నది.

సర్లే. తూ. నాకెందుకు. అందరూ కలిసి గుట్టెక్కి ఎగిరిపోండి, మేఘకవచం వాళ్ళొచ్చి పట్టుకుంటారు.

ఆగు.

పైన ఏదో... ఫట్‌మంది.

విన్నావా? నీకెలా వినపడుతుందిలే.

ఇటుకల చప్పుడు ఆగిపోయింది. బాబాయి కూడా కాళ్ళూపడం ఆపేశాడు. అమ్మ మెట్ల వైపు చూస్తోంది.

మా నాన్న నన్ను వాగుడుకాయా అనే పిలుస్తాడు, తెలుసుగా నీకు. పుట్టినరోజుకి కూడా. గడ్డానికి ఊచ గుచ్చుకున్న రోజు ఒక్కసారే వేరేలా పిలిచాడు, ఆ మెట్ల మీంచే.

హారన్ మీదేనా? గేటు దగ్గరా? దిగొద్దు. సార్ని దిగనివ్వొద్దు, ఒక్క నిమిషం

పిలుస్తున్నాడురా

"అమ్మలూ" అంటున్నాడు